తోరాను రాగం తీసి చదవడం ఎలా? ఆదికాండం మొదటి ఐదు వచనాలతో మొదలుపెడదాం

తెలుగు బైబిల్లో కీర్తనల గ్రంథం తెరవండి. చాలా కీర్తనల నెత్తిన చిన్న అక్షరాల్లో "ప్రధానగాయకునికి" అని ఉంటుంది. వచనాల మధ్య అక్కడక్కడా "సెలా" తగులుతుంది. చదివి వినిపించేటప్పుడు చాలామంది ఈ రెండింటినీ దాటేసి అసలు వచనంలోకి వెళ్ళిపోతారు. నేనూ ఏళ్ళ తరబడి అలాగే దాటేశాను. ఇవి పాడేవాళ్ళ కోసం రాసుకున్న మాటలు. ఈ పుస్తకం మనసులో చదువుకోవడానికి పుట్టింది కాదు, గొంతెత్తి పలకడానికి పుట్టింది. యూదుల ప్రార్థనా మందిరమైన సినగాగులో ఇప్పటికీ తోరాను, అంటే మోషే పంచకాన్ని, ఊరికే చదవరు. రాగం తీసి చదువుతారు.

ఆ చదివే పద్ధతిని మొదటి నుంచి ఎలా పట్టుకోవాలో ఇక్కడ చెబుతాను. హీబ్రూ అక్షరాలు కూడబలుక్కుని చదవగలిగితే చాలు. సంగీతం రాకపోయినా ఫరవాలేదు. ఆదికాండం 1:1 నుంచి 1:5 దాకా మన పాఠం. ఈ ఐదు వచనాలు ఊరికే ఎంచుకోలేదు. ఆదికాండం చదవడం మొదలుపెట్టే వారంలో సోమవారం, గురువారం ఉదయం సినగాగులో మొదటి మనిషి వంతుకు వచ్చేది సరిగ్గా ఈ ఐదే.

ముందుగా ఒక అపోహ

"అయితే ఇది సొలొమోను దేవాలయంలో పాడిన రాగమేనా?" అని నన్ను చాలామంది అడిగారు. కాదు. దేవాలయపు పాట గురించి మనకు తెలిసింది తక్కువేమీ కాదు, కానీ అందులో రాగం లేదు. రెండో దేవాలయంలో లేవీయులు రోజుకో కీర్తన పాడేవారని మిష్నా అనే పాత యూదు ధర్మసంకలనం చెబుతుంది. ఆదివారం 24, సోమవారం 48, మంగళవారం 82, బుధవారం 94, గురువారం 81, శుక్రవారం 93, విశ్రాంతిదినాన 92. వేదిక మీద గాయకులు పన్నెండుమందికి తగ్గకూడదు. కిన్నోర్ అనే తంతివాద్యాలు తొమ్మిదికి తగ్గకూడదు. నేవెల్ అనే ఇంకో రకం తంతివాద్యాలు రెండు నుంచి ఆరు ఉండవచ్చు. తాళాలు మాత్రం ఒక్క జత. పర్ణశాలల పండుగ రాత్రుల్లో లేవీయులు పదిహేను మెట్ల మీద వాద్యాలతో నిలబడేవారు. మన బైబిల్లో 120 నుంచి 134 దాకా "యాత్రకీర్తన" అని పేరున్నవి పదిహేను, ఆ మెట్లూ పదిహేనే.

ఇన్ని లెక్కలు రాసిపెట్టినవాళ్ళు స్వరం మాత్రం రాసిపెట్టలేదు. అది గురువు నోటి నుంచి శిష్యుడి చెవికి వెళ్ళే విద్య. క్రీ.శ. 70లో రోమన్లు దేవాలయాన్ని కూల్చేశాక ఆ పాట ఆగిపోయింది.

ఆగనిది సినగాగులోని పఠనం. మనం నేర్చుకునేది దాన్నే. అదీ చిన్న వయసుదేం కాదు. మూడో శతాబ్దంలో తిబెరియలో బోధించిన రబ్బీ యోహానాన్, లేఖనాన్ని రాగం లేకుండా చదివేవాడి మీద యెహెజ్కేలు 20:25 విసిరాడు, "అనుకూలము కాని కట్టడలు" అన్న వచనం. అంతకుముందే రబ్బీ అకీవా మాట ఒకటి, యూదు గురువుల చర్చల సంకలనమైన తల్ముదులో ఉంది. మలవిసర్జన తర్వాత కుడిచేత్తో శుభ్రం చేసుకోకూడదు, ఎందుకంటే తోరా చదివేటప్పుడు రాగపు గుర్తులు చూపించేది ఆ చేత్తోనే అంటాడు. మనవాళ్ళకు ఈ నియమం కొత్తేం కాదు గానీ, కారణం మాత్రం ఇంత సంగీతంగా ఎవరూ చెప్పి ఉండరు.

1. సరంజామా

గుర్తులన్నీ ఉన్న హీబ్రూ పాఠం కావాలి. యూదు గ్రంథాలుండే సెఫారియా వెబ్‌సైటులో అచ్చుల గుర్తులు, రాగపు గుర్తులు రెండూ కనబడేలా పెట్టుకోవచ్చు. దాన్ని పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసుకోండి. ఫోన్ తెర మీద ఈ గుర్తులు చీమల్లా ఉంటాయి, ఏది ఎటు వంగిందో తెలియదు. రెండు రంగుల పెన్సిళ్ళు, ఒక రికార్డింగు. అంతే.

రికార్డింగు ఎంచుకునేటప్పుడు మాత్రం కాస్త నిదానించండి. గుర్తులు ప్రపంచమంతా ఒకటే, రాగాలు మాత్రం సమాజానికి ఒకటి. తూర్పు యూరప్ నుంచి వచ్చిన అష్కెనాజీల రాగం వేరు, మొరాకోవాళ్ళది వేరు, ఇరాకువాళ్ళది వేరు, యెమెన్‌వాళ్ళది ఇంకా వేరు. అబ్రహామ్ ఇదెల్‌సోన్ అనే సంగీత పరిశోధకుడు యెరూషలేములో ఉండి వీళ్ళందరి రాగాలూ సేకరించి, 1914 నుంచి 1932 దాకా పది సంపుటాలుగా అచ్చువేయించాడు. వీటిలో ఏది అసలుది అని తేల్చే పని మనం పెట్టుకోవద్దు. ఒకదాన్ని పట్టుకోండి, కనీసం ఆరు నెలలు వదలకండి. ఇవాళ యెమెన్, రేపు అష్కెనాజీ అని వింటూ పోతే చివరికి మీ గొంతులో ఏదీ నిలవదు. ఇంటర్నెట్‌లో పాఠాలు ఎక్కువగా దొరికేది అష్కెనాజీ పద్ధతికి, మొదటిసారికి అది సుఖం.

2. రాగం జోలికి పోకుండా పలకండి

ఇక్కడ మన తెలుగు నోటికి ఒక సుగుణం, ఒక దోషం ఉన్నాయి.

సుగుణం ఏమిటంటే, మొదటి వచనం చివరి మాట హాఆరెత్స్‌లో వచ్చే "త్స్" చాలా దేశాలవాళ్ళను ఇబ్బంది పెడుతుంది. మనకది పుట్టుకతో వచ్చింది. "చాలు", "చుక్క" అన్నప్పుడు పలికే దంత్య చకారమే అది. హైదరాబాదులో ఉర్దూ విన్న చెవి ఉంటే "ఖబర్"లో గొంతు గీరుకునే ఖ కూడా వచ్చేసినట్టే.

దోషం ఏమిటంటే, మాట హల్లుతో ఆగితే మనకు ఊపిరాడదు. చివర ఒక ఉకారం అంటించేస్తాం. యెరూషలేము, బేత్లెహేము, రాహేలు, అన్నీ అలా మనవైనవే. రాగం తీసేటప్పుడు ఆ ఉకారం ఇంకా సాగుతుంది. "ఎలోహీముఊఊ" అని నేను సాగదీసిన రికార్డింగు ఒకటి ఇప్పటికీ నా దగ్గరుంది, ఎవరికీ వినిపించను. పెదాలు మూసి మకారం దగ్గరే ఆగడం అలవాటు చేసుకోండి. రాగం అచ్చు మీద సాగాలి: ఎలో-హీఈఈమ్.

తర్వాత ఊనిక. తెలుగులో మాటలో ఏ అక్షరం మీద బలం వేసినా అర్థం మారదు. హీబ్రూలో మారుతుంది. ఆదికాండం 29లో రాహేలు గొర్రెలతో వచ్చే ఘట్టం చూడండి. ఆరో వచనంలో "బాఆ" అనే మాటకు ఊనిక రెండో అక్షరం మీద ఉంది, వస్తోంది అని అర్థం. తొమ్మిదో వచనంలో అదే మాటకు ఊనిక మొదటి అక్షరం మీద ఉంది, వచ్చింది అని అర్థం. అక్షరాలు అవే. గొర్రెల మంద దూరంలో కనబడడానికీ బావి దగ్గరికి చేరడానికీ తేడా అంతా ఒక్క ఊనికలో ఉంది. మధ్యయుగపు వ్యాఖ్యాత రాషీ ఇది పనిగట్టుకుని చెప్పాడు.

ఊనిక ఎక్కడో ఎలా తెలుస్తుంది? రాగపు గుర్తే చెబుతుంది. చాలా గుర్తులు ఊనిక ఉన్న అక్షరానికే అంటుకుని ఉంటాయి. బెరేషీత్, బారా, ఎలోహీమ్, ఈ మూడింటికీ ఊనిక చివరి అక్షరం మీద. హష్షామాయిమ్‌లో "మా" మీద, హాఆరెత్స్‌లో "ఆ" మీద. కొన్ని మొండి గుర్తులు మాత్రం ఊనిక ఎక్కడున్నా మాట చివరే కూర్చుంటాయి. రెండో వచనంలో "తోహూ" అనే మాట మీద ఒకే గుర్తు రెండుసార్లు కనబడుతుంది. అచ్చుతప్పు అనుకోకండి. దాని పేరు పష్తా. మాట చివర కూర్చోవడం దాని అలవాటు కాబట్టి, ఊనిక ముందక్షరం మీద ఉందని చెప్పడానికి అక్కడ ఇంకొకటి వేశారు.

ఐదు వచనాలూ ఊనికతో, రాగం లేకుండా, తడుముకోకుండా చదవడం వచ్చేదాకా ముందుకు పోవద్దు. రోజుకు పావుగంట చొప్పున నాకు రెండు వారాలు పట్టింది.

3. విరుపు ఎక్కడో కనిపెట్టండి

మొత్తం విద్యలో ఇదే గుండెకాయ. దీని మీద ఎంత సమయం పెడితే అంత లాభం.

మేము సెమినరీలో హీబ్రూ చదివేటప్పుడు ఈ గుర్తుల పేజీ వచ్చేసరికి "ఇవి పరీక్షకు రావు" అని తిప్పేశారు. పాటకు సంబంధించినవి, మనకెందుకు అని మేమూ ఊరుకున్నాం. తర్వాత తెలిసింది, ఇవి ముందు విరామచిహ్నాలు, ఆ తర్వాతే పాట. హీబ్రూలో వీటి పేరు తెఅమీమ్. ఏకవచనం తఅమ్. ఆ మాటకు రుచి అని అర్థం, తాత్పర్యం అని కూడా. "యెహోవా ఉత్తముడని రుచి చూచి తెలిసికొనుడి" అనే 34వ కీర్తన వచనంలో రుచి చూడడం అన్నది ఈ ధాతువే.

"పాత పుస్తకాల షాపు" అంటే పాతవి పుస్తకాలా, షాపా? పలికేవాడు "పాత" తర్వాత కాస్త ఆగితే షాపు పాతది, ఆగకపోతే పుస్తకాలు పాతవి. రాతలో తేలని ఇలాంటి చోట్లు లేఖనంలో కోకొల్లలు. తోరా చుట్టలో అచ్చుల గుర్తులూ ఉండవు, విరామాలూ ఉండవు. ఎక్కడ విరవాలో నోటి సంప్రదాయమే చెప్పాలి. బబులోను నుంచి తిరిగొచ్చిన జనానికి ఎజ్రా నీటి గుమ్మం ముందు కొయ్య పీఠం మీద నిలబడి తెల్లవారినది మొదలు మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రం చదివిన సంగతి నెహెమ్యా 8లో ఉంది. జనం గ్రహించేలా చదివారన్న ఆ వచనంలోనే విరుపుల విద్య ఉందని తల్ముదు పండితులు చెప్పుకున్నారు. ఆ నోటి సంప్రదాయానికి గుర్తులు పెట్టినవాళ్ళు మసోరా పండితులు. ఈ పని సుమారుగా ఏడో శతాబ్దం నుంచి పదో శతాబ్దం దాకా జరిగింది. ఇవాళ మనం వాడేది తిబెరియవాళ్ళ పద్ధతి, అందులో పెద్ద పేరు అహరోన్ బెన్ ఆషెర్‌ది. ఆయన గుర్తులు పెట్టిన అలెప్పో ప్రతి సుమారు 930 నాటిది. 1947లో అలెప్పో నగరంలో జరిగిన అల్లర్లలో అందులో చాలా పుటలు పోయాయి, మిగిలింది యెరూషలేములో ఉంది. పూర్తిగా మిగిలిన వాటిలో పాతది 1008 నాటి లెనిన్‌గ్రాద్ ప్రతి.

ఇప్పుడు పెన్సిలు తీసుకోండి. ప్రతి వచనంలో రెండే రెండు గుర్తులు వెతకండి. ఒకటి సిల్లూక్, వచనం చివరి మాట కింద చిన్న నిలువు గీత. దాని తర్వాత రెండు చుక్కలు, అచ్చం మన విసర్గలా. రెండోది ఎత్నఖ్తా, అక్షరం కింద గుడిసె కప్పులా ఉంటుంది. ఆ పేరుకు అర్థమే విశ్రాంతి. ఎత్నఖ్తా ఉన్న మాట తర్వాత ఎర్ర గీత కొట్టండి. వచనం రెండుగా విడిపోయింది.

మూడో వచనంతో చూద్దాం.

వయ్యోమెర్ ఎలోహీమ్ యెహీ ఓర్ / వయ్‌హీ-ఓర్

"దేవుడు వెలుగు కమ్మని పలుకగా వెలుగు కలిగెను" అని మన అనువాదం. ఎత్నఖ్తా ఉన్నది మొదటి "ఓర్" కింద, అంటే వెలుగు కమ్మని పలికిన చోట. అక్కడ పూర్తి ఆగుడు. గాయకుడి గొంతు నిలుస్తుంది. ఆ క్షణంలో ఇంకా చీకటే. తర్వాత రెండు చిన్న మాటలు, "వయ్‌హీ ఓర్", మధ్య గీతతో ఒక్క మాటలా కట్టేసి, ఒక్క గుర్తుతో. మొదటి సగానికి నాలుగు గుర్తులు, రెండో సగానికి ఒక్కటి. ఆజ్ఞ నిదానంగా, కావడం మాత్రం చిటికెలో. ఈ వచనాన్ని వందసార్లు తెలుగులో చదివాను, ఈ ఆగుడు నాకు తెలియదు.

ప్రతి సగాన్నీ మళ్ళీ విరవాలి. దానికి రెండో రంగు పెన్సిలు. అక్షరం నెత్తిన ఒకదాని మీద ఒకటిగా రెండు చుక్కలుంటే జాకేఫ్ కాతోన్. నెత్తిన ఒక్క చుక్క ఉంటే రెవీయా. అక్షరం కింద వంపు గీత తిప్‌ఖా. వీటి తర్వాత చిన్న గీత కొట్టండి. మొదటి వచనం ఇలా వస్తుంది:

బెరేషీత్ | బారా ఎలోహీమ్ / ఏత్ హష్షామాయిమ్ | వెఏత్ హాఆరెత్స్

ఒక పెద్ద విరుపు, దానికి అటూ ఇటూ చెరో చిన్న విరుపు. వచనం వ్యాకరణం అంతా గుర్తుల్లోనే విప్పి పెట్టి ఉంది.

విరుపు మారితే బోధ ఎలా మారుతుందో చెప్పే ఉదాహరణ మన సంఘాల్లో అందరికీ తెలిసిన వచనమే. మత్తయి 3:3లో "అరణ్యములో కేక వేయు నొకని శబ్దము" అని ఉంటుంది. కేక అరణ్యంలో. ఆ మాట వచ్చిన యెషయా 40:3 హీబ్రూలో "కోల్ కోరే" తర్వాత జాకేఫ్ కాతోన్ ఉంది. అంటే కేక వేస్తున్న శబ్దం, ఇక్కడ ఆగు. "అరణ్యంలో" అన్నది తర్వాతి మాటలతో కలుస్తుంది: అరణ్యంలో మార్గం సిద్ధం చేయండి. కేక ఎక్కడిదో ఏమో, దారి మాత్రం అరణ్యంలో వేయాలి. రెండు చుక్కల తేడా.

4. రాజులు, సేవకులు

విరిచే గుర్తులను రాజులని, కలిపే గుర్తులను సేవకులని పాతకాలం నుంచీ అంటారు. సేవకులకు హీబ్రూ మాట మెషార్తీమ్. సేవకుడి మీద ఎప్పుడూ ఆగకూడదు, రాజు దగ్గరికి తీసుకెళ్ళి అప్పగించాలి. మన ఐదు వచనాల్లో తగిలే రాజులు సిల్లూక్, ఎత్నఖ్తా, జాకేఫ్ కాతోన్, రెవీయా, తిప్‌ఖా, పష్తా, తెవీర్. సేవకులు మేర్ఖా, మునాఖ్, మహ్‌పాఖ్, కద్మా, దర్గా. మొత్తం పన్నెండు.

మునాఖ్ మేస్త్రీ మూలమట్టంలా ఉంటుంది. దర్గా మెలికలు తిరిగిన మెట్టులా ఉంటుంది, పేరుకి అర్థం కూడా మెట్టే. తెవీర్ వాలు గీత పక్కన చుక్క. ఇక్కడ మోసం చేసేవి రెండు జంటలు. మేర్ఖా, తిప్‌ఖా ఒకదానికొకటి అద్దంలో బొమ్మలు. ఒకడు సేవకుడు, ఒకడు రాజు. వీటిని తారుమారు చేస్తే వచనం తప్పు చోట విరుగుతుంది. పష్తా, కద్మా ఆకారంలో ఒకటే. మాట చివరి అక్షరం అంచున ఉంటే పష్తా, ఊనిక అక్షరం నెత్తిన ఉంటే కద్మా.

వేదం పుస్తకం చూసినవాళ్ళు అక్షరం కింద అడ్డగీత అనుదాత్తం, పైన నిలువుగీత స్వరితం అని పోల్చుకోబోతారు. ఆ పోలిక ఇక్కడ దారి తప్పిస్తుంది. వేదంలో గుర్తు ఆ అక్షరం ఎత్తో పల్లమో చెబుతుంది. ఇక్కడ గుర్తు మొత్తం మాటకు ఒక చిన్న సంగతిని ఇస్తుంది, ఆ మాట పక్క మాటతో కలవాలో విడిపోవాలో చెబుతుంది. పైన ఉన్నంత మాత్రాన గొంతు పైకి పోదు.

5. గుర్తు కాదు, గుంపు

నేను పెద్ద తప్పు చేసింది ఇక్కడే. జర్కా పట్టిక అని ఒకటి ఉంటుంది, గుర్తుల పేర్లన్నీ వరసగా వాటి వాటి రాగంలో పాడే పట్టిక. ఎక్కాలు బట్టీ పట్టినట్టు అదంతా బట్టీ పట్టాను. తీరా వచనం ముందుకొచ్చేసరికి ప్రతి మాట దగ్గరా "ఇదేంటి, మునాఖా, దాని రాగం ఏంటి" అని ఆగడమే. పైగా ఒకే మునాఖ్ ఎత్నఖ్తా ముందు ఒకలా, జాకేఫ్ ముందు ఇంకోలా పాడతారని అప్పటికి తెలియదు. సేవకుడి రాగం యజమానిని బట్టి ఉంటుంది.

కాబట్టి గుంపులుగా నేర్చుకోండి. గుర్తుల పేర్లనే మాటలుగా పెట్టి పాడడం ఇందులో పాత పద్ధతి. ముందు ఇది:

మేర్ఖా తిప్‌ఖా మునాఖ్ ఎత్నఖ్తా

మూడో వచనం మొదటి సగం సరిగ్గా ఇదే. రికార్డింగులో "వయ్యోమెర్ ఎలోహీమ్ యెహీ ఓర్" ముక్కను పదిసార్లు వినండి. తర్వాత అదే రాగంలో ఈ నాలుగు పేర్లు పాడండి. మళ్ళీ వచనం పాడండి. రెండూ ఒకదానిలో ఒకటి ఒదిగిపోవాలి. తర్వాత ఇది:

మేర్ఖా తిప్‌ఖా మేర్ఖా సిల్లూక్

"ఏత్ హష్షామాయిమ్ వెఏత్ హాఆరెత్స్." మొదటి వచనం, నాలుగో వచనం, ఐదో వచనం ముగిసేది ఈ గుంపుతోనే. రెండో వచనానిది మొదటి మేర్ఖా తీసేసిన గుంపు. అంటే ఈ రెండు గుంపులు వచ్చేసరికి సగం పని అయిపోయింది. మిగతావి వరసగా చేర్చుకోండి: రెండో వచనం మొదట్లో ఒంటరి రెవీయా, ఆ వెంటనే మేర్ఖా పష్తా జాకేఫ్, నాలుగో వచనం మొదట్లో దర్గా తెవీర్, ఐదో వచనం మొదట్లో కద్మా మహ్‌పాఖ్ పష్తా జాకేఫ్.

రాగాన్ని మాటకు తొడిగేటప్పుడు ఒక సూత్రం గుర్తుంచుకోండి. సంగతి అంతా ఊనిక అక్షరం దగ్గర నుంచి మొదలవుతుంది. దానికి ముందున్న అక్షరాలు ఒకే శ్రుతి మీద మాట్లాడినట్టు గబగబా వెళ్ళిపోతాయి. రెండో వచనంలోని "మెరఖెఫెత్"లో "మెర" వరకు మాట, "ఖె" దగ్గర పాట. తాళం వేయకండి. దీనికి తాళం లేదు, మాట నడకే నడక. కీర్తనలు పాడిన అలవాటు ఉన్నవాళ్ళు తెలియకుండానే తొడ మీద చేయి వేస్తారు. ఆ చేతిని వేరే పనికి పెడదాం.

6. చేత్తో చూపించండి

రబ్బీ అకీవా చెప్పిన కుడిచేయి ఇదే. చదివేవాడి పక్కన ఒకరు నిలబడి గాలిలో వేళ్ళతో రాగం నడకను గీసి చూపించేవారు. ఇశ్రాయేలు దేశం నుంచి వచ్చినవాళ్ళు ఇలా చేయి కదిలించడం తాను చూశానని పదకొండో శతాబ్దంలో రాషీ రాశాడు. మీరు ఆ పాత ముద్రలే నేర్చుకోనక్కర్లేదు. ఎత్నఖ్తాకు అరచేయి కిందికి దించి ఆపండి, జాకేఫ్‌కు రెండు వేళ్ళు ఎత్తండి, సిల్లూక్‌కు పిడికిలి మూయండి. ఇద్దరు కలిసి నేర్చుకుంటే ఇంకా మేలు, ఒకరు పాడుతుంటే ఒకరు చూపించాలి. గుర్తుల పేర్లు మరిచిపోయినా చేయి మరిచిపోదు.

7. గుర్తులు మూసేయండి

సినగాగులో చదివేవాడి ముందుండే తోరా చుట్టలో ఈ గుర్తులేవీ ఉండవని చెప్పాను కదా. అచ్చులు లేవు, విరామాలు లేవు, వచనాల అంకెలు లేవు. తోలు మీద చేత్తో రాసిన హల్లుల వరసలు మాత్రమే. వేలితో తాకకూడదు కాబట్టి యాద్ అనే చిన్న చేతి ఆకారపు పుల్లతో గీత వెంట నడుస్తారు. రాగం, అచ్చులు, విరుపులు అన్నీ తల లోపల ఉండాలి. పక్కన ఒకరు గుర్తులున్న పుస్తకం పట్టుకుని వింటూ ఉంటారు, అర్థం మారేలా తప్పు పలికితే వెంటనే ఆపి సరిచేయిస్తారు. తలచుకుంటేనే టెన్షన్.

దీనికి సాధన చేయడానికి తిక్కూన్ అనే పుస్తకం ఉంటుంది. ఒక నిలువు వరసలో గుర్తులతో పాఠం, పక్క వరసలో చుట్టలో ఉన్నట్టే ఒట్టి హల్లులు. గుర్తులున్న వరస చూసి రెండుసార్లు పాడి, దాన్ని అట్టతో మూసి, రెండోది చూసి పాడాలి. ఆగిపోతే అట్ట తీసి చూడొచ్చు, సిగ్గుపడనక్కర్లేదు. రోజుకు ఒక వచనం చాలు. ఐదో రోజున ఐదూ కలిపి పాడి మీ ఫోన్‌లోనే రికార్డు చేసుకోండి. మరునాడు వినండి, అదే రోజు వినకండి. ఆ రోజు మన చెవి మన పక్షమే ఉంటుంది.

కొన్ని జాగ్రత్తలు

సాధన చేసేటప్పుడు చాలామంది యూదులు దేవుని నామాన్ని వృథాగా పలకకూడదని "ఎలోహీమ్" బదులు "ఎలోకీమ్" అంటారు. వాళ్ళ మధ్య నేర్చుకుంటుంటే మీరూ అలాగే అనండి. మన బైబిల్లో "యెహోవా" అని ఉన్న నాలుగక్షరాల నామం రెండో అధ్యాయంలో వస్తుంది. దాన్ని ఉన్నది ఉన్నట్టు ఎవరూ పలకరు, "అదోనాయ్" అని చదువుతారు. చుట్ట విప్పి చదవడం ఆ సమాజపు ఆరాధన, దానికి పదిమంది కూడాలి, దానికి వాళ్ళ నియమాలున్నాయి. పుస్తకం చూసి నేర్చుకోవడానికి మాత్రం ఎవరి అడ్డూ లేదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిమ్ అనే తెలుగు యూదు సమాజం, వాళ్ళ సినగాగూ ఉన్నాయి. ఎక్కడి సినగాగుకైనా వినడానికి వెళ్ళాలనుకుంటే ముందు అడిగి వెళ్ళండి. విశ్రాంతిదినాన ఫోన్ తీసి రికార్డు చేయకండి.

ఆదికాండం రాగం తీసుకెళ్ళి కీర్తనల మీద వేయకండి. యోబు, సామెతలు, కీర్తనలు, ఈ మూడు పుస్తకాలకు గుర్తుల వ్యవస్థే వేరు. చాలా సమాజాల్లో వాటి రాగం మరుగున పడిపోయింది. ప్రవక్తల భాగానికి ఇంకో రాగం, విలాపవాక్యాలకు ఏడుపు రాగం, ఎస్తేరు గ్రంథానికి పండుగ రాగం. ఎస్తేరులో హామాను పదిమంది కొడుకుల పేర్లూ ఒక్క ఊపిరిలో చదవాలి, ఊపిరితిత్తుల పరీక్ష అది.

ఇంటర్నెట్‌లో "దావీదు పాడిన అసలు రాగం దొరికింది" అనే వీడియోలు మీకు తప్పకుండా ఎదురవుతాయి. వాటిలో చాలా వాటికి మూలం సుజాన్ హైక్-వాంతూరా అనే ఫ్రెంచి సంగీతకారిణి 1970లలో చేసిన ప్రతిపాదన. కింది గుర్తులు ఒక్కొక్కటీ ఒక్కో స్వరమని, పై గుర్తులు గమకాలని ఆమె లెక్కగట్టింది. వినడానికి చాలా బాగుంటుంది, నాకూ ఇష్టమే. కానీ పండితులు దాన్ని ఒప్పుకోలేదు. మీరు మీ రెండు పెన్సిళ్ళతో కొట్టిన గీతలు చూసుకోండి, గుర్తులు వాక్యం విరుపును ఎంత కచ్చితంగా పట్టుకున్నాయో మీకే కనబడుతుంది. స్వరాల కోసమే పెట్టినవైతే వ్యాకరణం వెంట ఇంత పట్టుగా నడవవు.

ఇక, ఒక గుర్తు గురించి చెప్పకుండా ఉండలేను. షల్‌షెలెత్, గొలుసు అని అర్థం. అక్షరం నెత్తిన మెలికల నిలువు గీత. తోరా మొత్తంలో నాలుగే నాలుగు సార్లు వస్తుంది, రాగం పైకీ కిందికీ చాలాసేపు తిరుగుతుంది. సొదొమ కాలిపోబోతుంటే లోతు తడవు చేసిన మాట మీద ఒకటి. పోతీఫరు భార్య పిలిస్తే యోసేపు ఒప్పుకోలేదన్న మాట మీద ఇంకొకటి. ఆ ఒప్పుకోకపోవడం ఎంత కష్టంగా జరిగిందో వచనంలో ఎక్కడా లేదు, ఆ ఒక్క గుర్తులో ఉంది. మీ రికార్డింగులో ఆదికాండం 39:8 వెతికి వినండి.

ఐదు వచనాలూ వచ్చాక ఆరో వచనం రికార్డింగు వినకండి. అందులో మీకు తెలియని గుర్తు ఒక్కటీ లేదు. ముందు ఎత్నఖ్తా వెతికి ఎర్ర గీత కొట్టండి, తర్వాత జాకేఫ్‌లు, తిప్‌ఖాలు. గుంపులుగా పాడుకుని, మీ అంతట మీరే వచనం కట్టండి. అప్పుడు రికార్డింగు పెట్టి సరిచూసుకోండి. ఏడో వచనంలో జర్కా, సెగోల్ అనే రెండు కొత్త గుర్తులు కలిసి వస్తాయి, అక్కడ మళ్ళీ వినడం మొదలుపెట్టాలి.